చక్రపాదుకల చరిత్ర

మొన్న మా ఝరాసంగం సిమెంటు వీధిలో స్కేట్‌బోర్డుపై జారుతున్న బాలుడొకడు నన్ను చూసి ఆగి, "సారూ, చక్రాల ఆటల్ల మనోళ్ళెవరన్న గెలిచిన్రా?" అని అడిగాడు.

అనూప్ కుమార్ యామా పేరు చెప్పాను. ఆయన హైదరాబాదువాసి. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో చక్రక్రీడలకు తొలిసారి చోటు దక్కింది. చక్రపాదుకలు (స్కేట్లకు నేను పెట్టుకొన్న పేరు) తొడిగి, సంగీతానికి అనుగుణంగా ఎగిరి గిరగిర తిరిగే కళాత్మక స్కేటింగులో ఆయన ఒంటరిగా ఒక కాంస్యం, అవని పంచాల్‌తో జంటగా మరొక కాంస్యం సాధించారు. ఆ తొలి పోటీల్లోనే భారతదేశానికి పతకాలు వచ్చాయి. 2015లో ఆయనను అర్జున పురస్కారం వరించింది.

బాలుని స్కేట్‌బోర్డు ఆసియా క్రీడల్లోకి 2018లో, ఒలింపిక్సులోకి 2021లో, టోక్యోలో, ప్రవేశించింది. అక్కడ స్వర్ణం గెలిచిన జపాను బాలిక మోమిజి నిషియా వయస్సు 13 ఏళ్ళే.

"నాకు పన్నెండే సారూ!" అంటూ వాడు సాగిపోయాడు.

ఏళ్ళ తరబడి తరగతిలో కావ్యవీరుల శౌర్యాన్ని వర్ణించిన నేను, మన రాజధానిలోని ఈ విజేతను ఒక్కనాడైనా తలచలేదు. అడిగేవాడు లేకపోతే నేటికీ తలచేవాణ్ణి కాదేమో!