వైద్యపదముల కీళ్ళు

కీళ్ళనొప్పితో బాధపడువారికి వైద్యుడు ఆర్థ్రయిటిస్ అని వ్రాసి యిచ్చినచో, ఆ మాట విన్నంతనే ఇంటిల్లిపాదికిని దిగులు కలుగును. పేరు క్రొత్తగా వినబడినను రోగము పాతదే. గ్రీకు భాషలో ఆర్థ్రోన్ అనగా కీలు. ఇటిస్ అనగా సంబంధించినది. ప్రాచీన గ్రీకు వైద్యులు దీనిని కీళ్ళకు సంబంధించిన రోగమని రెండు మాటలలో చెప్పుచుండిరి. కాలక్రమమున రోగమను మాట జారిపోయి, విశేషణ మొక్కటే మిగిలినది. తరువాతి వైద్యులు ఆ ప్రత్యయమును వేడి, నొప్పి, ఎఱ్ఱదనములతో గూడిన వాపునకు వాడుక చేసిరి. టాన్సిలైటిస్, అపెండిసైటిస్ మొదలగు పేర్ల చివర నున్నది అదియే.

ఈ పద్ధతి మనకును తెలిసినదే. జ్వరమును అతిసారమును కలిసి వచ్చినచో ఆయుర్వేదము జ్వరాతిసార మన్నది. సంధివాతమను పేరులో కీలు కలదు. ఆ శాస్త్రము కారణముగా నెంచిన వాతమును కలదు. కనుక పేరు రోగముతోబాటు, పేరు పెట్టినవారి ఆలోచనను గూడ మోయుచుండును.

ఆ ఆలోచన ఒక్కొక్కప్పుడు తప్పును కావచ్చును. మరణించినవారి ధమనులు ఖాళీగా కనబడుటచే, వానిలో వాయువు ప్రసరించునని కొందరు గ్రీకు వైద్యులు తలచిరి. శ్వాసనాళమునకును వాడుచుండిన ఆర్టీరియా అను మాటయే వానికిని పేరైనది. వానిలో నున్నది రక్తమేయని క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో గేలెన్ నిరూపించెను. పేరు మాత్రము మారలేదు. ఇటాలియను భాషలో మలేరియా అనగా చెడుగాలి. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్, దోమ పొట్టలో ఆ రోగపు సూక్ష్మజీవిని కనుగొనెను. గాలిపై మోపిన నేరము తొలగినను, పేరు నేటికిని నిలిచియే యున్నది.

పందొమ్మిదవ శతాబ్దిలో శాస్త్రము వేగముగా పెరుగుటచే, గ్రీకు ముక్కలను కూర్చి క్రొత్త పేర్లు కల్పించుట పరిపాటియైనది. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ స్టెతస్కోపును కనిపెట్టెను. ఆ పేరునకు రొమ్మును చూచునదని యర్థము. ఆ సాధనము చేయుపని మాత్రము వినుట! 1846లో, ఈథరు వలన శస్త్రచికిత్స నొప్పి లేకుండ జరిగినపుడు, ఆ స్థితికి అనస్థీషియా అను పేరును అమెరికను వైద్యుడు ఆలివర్ వెండెల్ హోమ్స్ సూచించెను. అందులోని అన్, మన అనంత, అనర్హ పదములలోని అన్‌కు తోబుట్టువు. పేర్లు మితిమీరుటచే, 1895లో బాసెల్ నగరమున శరీరశాస్త్రజ్ఞులు సమావేశమై, సుమారు 50 వేల శరీరభాగ నామములను దాదాపు 5 వేలకు కుదించిరి.

ఈ చరిత్ర పండితులకే పరిమితము కాదు. శస్త్రచికిత్సకు సమ్మతి పత్రముపై సంతకము చేయువారికి దీనితో పని కలదు. గాస్టర్ అనగా జీర్ణకోశము. గాస్ట్రాటమీ యనగా దానిని కోసి తెరచుట. గాస్ట్రెక్టమీ యనగా దానిని కొంతగానో పూర్తిగానో కోసి తీసివేయుట. గాస్ట్రాస్టమీ యనగా ఆహార మందించుటకై దానికి వెలుపలినుండి ద్వార మమర్చుట. చెవికి మూడును ఒక్కటిగనే తోచును. రోగి బ్రతుకులో మూడును వేరువేరు.

అట్లే రక్తమున చక్కెర హెచ్చుట హైపర్‌గ్లైసీమియా, తగ్గుట హైపోగ్లైసీమియా. మొదటిదానిలో చక్కెరను తగ్గింపవలెను. రెండవదానిలో, రోగి స్పృహలో నున్నచో, వెంటనే తీపి నీయవలెను. హైపర్ మన ఉపరి శబ్దమునకు, హైపో మన ఉప శబ్దమునకు జ్ఞాతులు. ఉపరి యనగా పైన. ఉపనది యనగా చిన్ననది. ఇది గుర్తుంచుకొన్నవారు ఆ రెండింటిని తారుమారు చేయరు. అయినను, పేరు విప్పగలిగినంత మాత్రమున రోగము తెలిసినట్లు కాదు. విప్పిన పేరును వైద్యుని యెదుట నుంచి, ఏ భాగమునకు ఏమి చేయుదురని అడుగుటకు అది మనకు ధైర్యము నిచ్చును.