చిరివేరు ఎరుపు

అమరావతి స్తూపశిల్పములలో మాయాదేవి స్వప్నదృశ్యము కలదు. రాణి మంచముపై శయనించి యుండును. శిల్పి పడకను రాతిలో మలచెను గాని, దానిపై పఱచిన వస్త్రపు రంగేమో ఱాయి చెప్పజాలదు. మన సీమలో పడకబట్టలకు ఎరుపెట్లు వచ్చెనో తెలియవలెనన్న కృష్ణ వెంట దిగువకు, సముద్రతీరమునకు పోవలయును.

నేటి నిజాంపట్నమును 17వ శతాబ్దపు పాశ్చాత్యులు పెటపోలి యనిరి. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబ్ అను ఓడ ఇచటికి వచ్చి, తరువాత మచిలీపట్నము చేరెను. మన గుడ్డలు కొనిపోయి, తూర్పుదీవులలో వానినిచ్చి మిరియములు కొనుట వారి యెత్తుగడ. ఆ గుడ్డలకు విలువ తెచ్చినది చిరివేరు. ఇసుకనేలలో పెరుగు చిన్నమొక్క, వేరు సన్నము. గుల్లలు నలిగి సున్నము కలిసిన ఇసుకలో పెరిగినదానికి రంగెక్కువ.

అద్దకము ఇంటి వాకిటనే జరుగు పని. గుడ్డను చక్కగా ఉతికి, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానవేసి యెండబెట్టుదురు. పాలలోని వెన్న రంగును ప్రాకనీయదు. ఎరుపు కావలసిన చోట పటికనీరు పూసి, పిమ్మట చిరివేరుతో కాచుదురు. పటిక తగిలినచోటనే ఎరుపు నిలుచును. తక్కినచోట మసకగా అంటినది, పేడనీట నానవేసి ఉతికి యెండకు వేయగా విడిచిపోవును. నలుపునకు ఇనుపముక్కలు బెల్లపునీట నానవేసిన రసము; నీలిమందు పట్టరాని చోట్లకు మైనము పూత. ఇన్ని దినముల శ్రమకు ఫలమేమన, గుడ్డ చినిగి బొంతలోనికి పోయినను ఎరుపు పోదు.

పలంగ్ అనగా మంచము, పోష్ అనగా కప్పునది. ఆ మాటయే పాశ్చాత్యుల నోట పాలంపోరు అయినది. గుట్టపై పూచిన చెట్టును చిత్రించిన ఈ పడకదుప్పట్లకై ఐరోపా సంపన్నులు ఉవ్విళ్లూరిరి. అచటి నేతగాండ్రు మొఱపెట్టగా, 1721 నాటి ఇంగ్లీషు శాసనము అద్దకపు నూలుబట్టలను ఒంటిపైననే గాక మంచముపై, కుర్చీపై, దిండుపై సహితము నిషేధించెను. ఇరుగుపొరుగుల పడకలను తడివిచూచు చట్టమును మన ముఠాదారులు సైతము తలపెట్టి యుండరు!

ఆ శాసనము మన అద్దకమును చంపలేదు. ఎగుమతులు ఇతర దేశములకు సాగినవి. దెబ్బ వేఱొకవైపునుండి వచ్చెను. 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను రసాయనికులు బొగ్గుతారునుండి లభించు పదార్థముతో అలిజరిన్ అను ఎరుపును తయారుచేసిరి. చిరివేరులో నున్నదియు అలిజరినే. ఉన్న రంగే చౌకగా డబ్బాలలో వచ్చినప్పుడు, ఇసుకలో వంగి వేరు త్రవ్వువానికి కూలి యెవరిత్తురు? రంగు నిలిచినది, వాని బ్రతుకుతెరువు పోయినది.

మచిలీపట్నము ప్రక్కన పెడనలో దిమ్మెల అద్దకము నేటికిని సాగుచున్నది. మచిలీపట్నపు కలంకారీకి భౌగోళిక గుర్తింపును లభించినది. కరక్కాయ, పటిక పాతవే. ఎరుపు కాచు కాగులో మాత్రము తఱచు కంపెనీ అలిజరిన్ ఉండును. చిరివేరు తీరపు ఇసుకలో దానంతట అది మొలచును; త్రవ్వువారు అరుదు.