నయినియప్ప విచారణ: పుదుచ్చేరి దుబాషీల చరిత్రలో ఒక ఘట్టం

18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని పుదుచ్చేరిలో వర్తకమూ న్యాయవిచారణా దుబాషీల మీద, అంటే దొరలకూ స్థానికులకూ నడుమ మాటను, బేరాన్ని నడిపే బహుభాషా మధ్యవర్తుల మీద ఆధారపడి ఉండేవి. 1708లో కంపెనీ ప్రధాన దళారి అయిన నయినియప్ప ఈ విద్యలో ఆరితేరినవాడు. క్రైస్తవం స్వీకరించక స్వధర్మంలోనే నిలిచినందున ఆయన పదవి జెస్యూట్ మతగురువులకు కంటగింపైంది.

1716లో గవర్నరు ఎబేర్ రాజద్రోహం, ప్రజాపీడన ఆరోపణలపై ఆయనను బంధించి, పోర్చుగీసులో ప్రశ్నించి, జవాబులను ఆయనకు రాని ఫ్రెంచిలో రాయించాడు; సాక్షుల తమిళ వాంగ్మూలాలను అనువదించినవాడు జెస్యూట్లకు సన్నిహితుడు. మాటలు చేరవేసి బతికినవాడికే తన మాట వినిపించుకొనే దారి లేకపోయింది. నడిబజారులో 50 కొరడా దెబ్బలు, 8,888 వరహాల జరిమానా, మూడేండ్ల చెర విధించగా, 1717లో ఆయన చెరలోనే మరణించాడు.

కుమారుల విజ్ఞప్తులకు ఫ్రాన్సులోని సాన్‌మాలో రేవు వర్తకుల అండ దొరికింది. అందులో జాలికన్న వ్యాపార ప్రయోజనమే ఎక్కువని చెప్పక తప్పదు. 1720 నాటికి తీర్పు రద్దయింది. పెద్దకొడుకు గురువప్ప పారిస్ వెళ్లి, తండ్రి కాదన్న మతాన్నే స్వీకరించి, ఫ్రెంచి రాచబిరుదుతో తిరిగివచ్చి తండ్రి పదవినే చేపట్టాడు. మతం మారాలన్న ఆ నిర్ణయాన్ని అవకాశవాదమని తేలికగా కొట్టిపారేయలేము. ఈ కుటుంబానికి బంధువైన ఆనందరంగ పిళ్లె 1736 నుంచి తమిళంలో దినచర్య రాశాడు; తరువాత గవర్నరు డూప్లేకు దుబాషీ అయ్యాడు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమైన ఆనందరంగరాట్ఛందాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.