కూలీల బండి బోల్తా పడితే పరిహారం ఎవరిస్తారు?

నాట్లు, పత్తి తీతలు, మిరప కోతల కాలంలో తెల్లవారక ముందే ట్రాక్టర్లు, ఆటోలు, సరకు వాహనాలు కూలీలతో కిక్కిరిసి పొలాలకు బయలుదేరుతాయి. యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ వద్ద 2018 జూన్ 24న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి దుర్ఘటన జరిగినప్పుడు ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, చట్టప్రకారం బాధితులకు దక్కవలసిన పరిహారం వేరు. మొదటిది సాయం, రెండోది హక్కు. ఎక్స్‌గ్రేషియా అందిందన్న కారణంతో రెండోదాన్ని వదులుకోవలసిన పని లేదు.

ఏ హోదాలో ప్రయాణించారన్నదే కీలకం

ఇటువంటి కేసుల్లో తొలి ప్రశ్న గాయం ఎంత పెద్దదన్నది కాదు, బాధితుడు ఆ బండిలో ఎందుకున్నాడన్నది. ట్రాక్టరు ట్రాలీ, లారీ వంటివి సరకు రవాణాకు ఉద్దేశించినవి. వాటిలో ఊరికే ఎక్కి ప్రయాణించేవారికి బీమా సంస్థ బాధ్యత వహించనవసరం లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తీర్పు చెప్పింది. సరకు యజమాని గానీ, ఆయన ప్రతినిధి గానీ సరకుతో పాటు ప్రయాణిస్తే బీమా వర్తిస్తుంది. వాహన యజమాని నియమించుకున్న కూలీలు ఆ పనిమీద వెళ్తుంటే వారి సంగతి వేరుగా చూస్తారు. వారికి బీమా ఎంతవరకు వర్తిస్తుందన్నది పాలసీ షరతులను బట్టి తేలుతుంది.

అందువల్ల పోలీసులకు ఇచ్చే తొలి వాంగ్మూలం అత్యంత ముఖ్యమైనది. ఎవరి పొలానికి, ఏ పనికి, ఎవరు పిలిస్తే వెళ్తున్నారో, కూలి ఎంత మాట్లాడుకున్నారో అందులో స్పష్టంగా నమోదు చేయించాలి. ‘దారిలో బండి ఆపి ఎక్కాం’ అన్న ఒక్క మాట అసత్యంగా నమోదైనా కేసు బలహీనపడుతుంది.

బీమా వర్తించదని తేలినంత మాత్రాన దారులన్నీ మూసుకుపోవు. వాహన యజమాని, డ్రైవరు బాధ్యత అలాగే ఉంటుంది. బీమా సంస్థ ముందుగా బాధితులకు చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని సుప్రీంకోర్టు 2004, 2017 సంవత్సరాల్లో వేర్వేరు కేసుల్లో ఆదేశించింది. అయితే ప్రతి కేసులోనూ ఇలాంటి ఆదేశం వస్తుందని అనుకోరాదు.

ఆటోలో పరిమితికి మించి ఎక్కితే

ఆటో ప్రయాణికుల వాహనమే. అయితే పాలసీలో ఎంతమందికి అనుమతి ఉందో అంతమంది మేరకే బీమా సంస్థ బాధ్యత అని 2007లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉదాహరణకు ముగ్గురికి అనుమతి ఉన్న ఆటోలో పన్నెండు మంది గాయపడితే, అందరికంటే పెద్దవైన మూడు పరిహారాల మొత్తాన్ని బీమా సంస్థ జమ చేస్తుంది. దాన్నే పన్నెండు మందికి దామాషా ప్రకారం పంచుతారు. మిగతా సొమ్ము యజమాని నుంచి రాబట్టుకోవాలి. ఎదుటి వాహనం తప్పిదం ఉంటే దాని యజమానిని, బీమా సంస్థను కూడా కక్షిదారులుగా చేర్చాలి.

ఎక్కడ, ఎప్పటిలోగా?

దరఖాస్తును మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌లో దాఖలు చేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నిబంధన లేదు. బాధితుడు నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనూ వేయవచ్చు. పుణెలో ప్రమాదానికి గురైన పాలమూరు వలస కూలీ మహబూబ్‌నగర్‌లోనే దావా వేసుకోవచ్చు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. ఈ గడువు చెల్లుబాటుపై వ్యాజ్యాలు దాఖలు కావడంతో, గడువు మీరిందన్న కారణంతో దరఖాస్తులను తోసిపుచ్చరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది తుది తీర్పు కానందున ఆరు నెలల్లోపే దాఖలు చేయడం క్షేమకరం. పోలీసులు కూడా 48 గంటల్లో తొలి నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను ట్రైబ్యునల్‌కు పంపాలని నిబంధనలు చెబుతున్నాయి.

ఎంత వస్తుంది?

తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు కోరే వీలుంది. అంతకు మించి కోరాలంటే డ్రైవరు నిర్లక్ష్యాన్ని, ఆదాయ నష్టాన్ని నిరూపించాలి. ఉదాహరణకు నెలకు రూ.12 వేలు సంపాదించే 38 ఏళ్ల కూలీ సంపాదన శక్తి 40 శాతం తగ్గిందనుకుందాం. భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే నెల ఆదాయం రూ.16,800 అవుతుంది. ఏడాదికి రూ.2,01,600. అందులో 40 శాతం రూ.80,640. ఆ వయసుకు వర్తించే గుణకం 15తో హెచ్చిస్తే రూ.12,09,600 వస్తుంది. వైద్య ఖర్చులు, బాధకు పరిహారం దీనికి అదనం.

వైకల్య ధ్రువపత్రంలోని శాతమే సంపాదన నష్టం కాదని 2010లో సుప్రీంకోర్టు పేర్కొంది. కాలు దెబ్బతిన్న గుమాస్తా కుర్చీలో కూర్చుని పని చేయగలడు. నాట్లు వేసే కూలీకి అది సాధ్యం కాదు. ఈ సంగతిని వైద్యుని సాక్ష్యంతో ట్రైబ్యునల్ దృష్టికి తేవాలి.

పనిలో పెట్టుకున్న యజమానిపై ఉద్యోగుల పరిహార నిబంధనల కింద దావా వేయడం మరో మార్గం. పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదానికీ, పనికీ సంబంధం ఉన్నట్లు తేలితే ఆ పరిహారం వర్తిస్తుందని 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే రెండు మార్గాల్లో ఒక్కదాన్నే ఎంచుకోవాలి.

ఇవి మరువరాదు

* ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కేస్‌షీటు, మందుల బిల్లులు, ఎక్స్‌రేలు భద్రపరచాలి.
* వాహనం నంబరు, పాలసీ, డ్రైవరు లైసెన్సు వివరాలు సేకరించాలి.
* కూలి ఎంతో చెప్పగల మేస్త్రీ, తోటి కూలీల పేర్లు రాసి ఉంచుకోవాలి.
* 2025 మేలో ప్రకటించిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు రూ.1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స ఉంటుంది.
* పెద్దల సమక్షంలో రాజీ అంటూ ఇచ్చే కాగితాలపై చదవకుండా సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయరాదు.

మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు.