పద్నాలుగో పుట్టినరోజు

2003 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి. కల్పనా చావ్లా తిరిగొస్తున్న కొలంబియా నౌక ఆకాశంలోనే ముక్కలైపోయిందని టీవీలో చెబుతుంటే, పొయ్యి మీద కూర సంగతి కూడా మర్చిపోయి నిలబడిపోయాం, గుర్తుందా? అదే నౌకలో ఇజ్రాయెల్‌కి చెందిన ఇలాన్ రమోన్ కూడా ఉన్నాడు. ఆయన తల్లి ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడిన మనిషి. ఆయన తన వెంట ఒక పిల్లవాడు వేసిన బొమ్మ నకలు తీసుకెళ్ళాడని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. చంద్రుడి మీద కోసుగా లేచిన కొండలు, వాటి వెనక ఆకాశంలో మన భూమి. ఆ బొమ్మ వేసిన పీటర్ గిన్జ్ బతికి ఉంటే, నౌక కూలిన రోజుకి సరిగ్గా 75 ఏళ్ళు నిండేవి.

పీటర్‌ది ప్రాగ్. నాన్న యూదుడు, అమ్మ కాదు. ఎస్పరాంటో భాష మీద ఇష్టమే వాళ్ళిద్దర్నీ కలిపింది. పిల్లాడు జూల్స్ వెర్న్ పిచ్చివాడు, తనే నవలలు రాసి బొమ్మలు వేసుకునేవాడు. నాజీలు వచ్చాక, 1941 సెప్టెంబరులో, యూదులంతా బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. పీటర్ బడికి వెళ్తూ దారిలో ఎన్ని నక్షత్రాలు కనిపించాయో లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాడు. 69. మన పిల్లలు రోడ్డు మీద ఎర్ర కార్లు లెక్కపెట్టరూ, అలాగ.

నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. ఇలాంటి మిశ్రమ కుటుంబాల పిల్లల్ని నాజీలు వెంటనే తీసుకుపోలేదు. పద్నాలుగేళ్ళు నిండేదాకా ఇంట్లో ఉండనిచ్చారు. పిల్లాడు పొడుగవుతుంటే, పాత లాగూ పొట్టిదవుతుంటే మనం మురిసిపోతాం. ఆ తల్లికి అది ఎలా ఉండి ఉంటుంది? పుట్టినరోజు దగ్గరపడుతోందంటే భయపడాల్సిన ఇల్లు అది.

1942 అక్టోబరులో పీటర్‌ని తెరెజీన్ అనే కోట ఊరికి పంపేశారు. యూదులతో కిక్కిరిసిన ఘెట్టో అది. అమ్మానాన్నలు వెంట లేరు. అక్కడ మగపిల్లలుండే గదిలో కుర్రాళ్ళు 'వెదెమ్' అని ఒక వారపత్రిక మొదలుపెట్టారు. సంపాదకుడు పీటర్. ఒకటే ప్రతి, శుక్రవారం సాయంత్రం అందరూ కూర్చుని చదువుకునేవాళ్ళు. కవితలు, జోకులు, ఘెట్టోలో బేకరీ ఎలా నడుస్తుందో చూసొచ్చి రాసిన వ్యాసాలు, అన్నీ ఉండేవి. రాయడానికి బద్ధకించేవాళ్ళకి ఇంటి నుంచి వచ్చిన పార్సిల్‌లోని తిండి లంచమిచ్చి మరీ రాయించేవాడట! కొడుకు కడుపు నిండాలని ఆ అమ్మ కట్టిన పార్సిల్ అది. తెలిస్తే కోప్పడేదో, నవ్వుకునేదో. అలా దాదాపు 800 పేజీలు పోగయ్యాయి.

1944లో చెల్లెలు ఈవాకి కూడా పద్నాలుగు నిండాయి. ఆ మేలో ఆమెనీ అక్కడికే పంపారు. ఇద్దరు పిల్లలూ వెళ్ళిపోయాక ఆ ఇంట్లో వంట ఎవరికోసం చేసుకున్నారో అనుకుంటాను.

అన్నాచెల్లెళ్ళు కలిసి ఉన్నది నాలుగు నెలలే. సెప్టెంబరు 28న పీటర్‌ని రైలెక్కించారు. ఈవా పరుగున వెళ్ళి, పెట్టె దగ్గర రెండు బ్రెడ్డు ముక్కలు అందించి, అన్న చెయ్యి పట్టుకుంది. కాపలావాడు తరిమేశాడు. ఆ రైలు వెళ్ళింది ఆష్విట్జ్‌కి. అప్పుడు పీటర్‌కి పదహారేళ్ళు.

1945 ఫిబ్రవరిలో నాన్ననీ తెరెజీన్ పంపారు. యుద్ధం అయ్యాక నాన్నా, ఈవా ఇంటికి తిరిగొచ్చారు. పీటర్ రాలేదు. పత్రిక పేజీల్ని మాత్రం ఆ గదిలోని ఒక కుర్రాడు మట్టిలో పాతిపెట్టి కాపాడాడు.

కొలంబియా కూలాక ఆ చంద్రుడి బొమ్మ వార్తల్లోకి వచ్చింది. అది చూసి ప్రాగ్‌లో ఒకాయనకి తన పాత ఇంట్లో దొరికిన నోటుపుస్తకాలు గుర్తొచ్చాయి. అరవై ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోనివి. వాటి సంగతి ఇజ్రాయెల్‌లో ఉంటున్న ఈవాదాకా వచ్చింది. అప్పటికి ఆమెకి డెబ్భై దాటాయి. అవి ఎవరివో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, చేతిరాత చూడగానే గుర్తుపట్టింది.