ఫెండర్ జాజ్‌మాస్టర్ రీఇష్యూ గిటార్లు

ఫెండర్ జాజ్‌మాస్టర్ అమెరికాకు చెందిన ఫెండర్ సంస్థ 1958లో ప్రవేశపెట్టిన విద్యుత్ గిటారు. 1980లో దీని తయారీ నిలిచిపోయింది. తరువాత పాత నమూనాను అనుసరించి మళ్ళీ తయారుచేసిన గిటార్లను రీఇష్యూలు అంటారు. ఈ వాద్యపు బ్రిడ్జి, ట్రెమోలో, స్విచ్చుల అమరిక ఇతర గిటార్లకు భిన్నమైనవి. కొత్తగా కొన్నవారు వీటిని తయారీ లోపాలుగా భావించడం పరిపాటి. కాని వీటిలో అధికభాగం ఆనాటి లావు తీగలను ఉద్దేశించి చేసిన రూపకల్పన ఫలితాలు. కనుక రీఇష్యూ నాణ్యతను అంచనా వేసేటప్పుడు రూపకల్పన లక్షణమేదో, తయారీ దోషమేదో వేరుచేసి చూడవలసి ఉంటుంది.

చరిత్ర

లియో ఫెండర్ (1909-1991) కాలిఫోర్నియాలోని ఫుల్లర్‌టన్ పట్టణంలో ఈ గిటారును రూపొందించాడు. అప్పటివరకు బోలు గిటార్లనే వాడుతున్న జాజ్ వాద్యకారులను ఆకర్షించడం దీని ఉద్దేశం. కూర్చుని వాయించేవారికి అనువుగా దేహపు నడుమును ఏటవాలుగా మలిచారు. రోజ్‌వుడ్ మెట్లపలక అమర్చిన మొదటి ఫెండర్ గిటారు ఇదే. వెలువడిన నాటికి ఆ సంస్థ గిటార్లలో దీని ధరే అధికం.

జాజ్ వాద్యకారులు దీనిని పెద్దగా ఆదరించలేదు. 1960ల ఆరంభంలో వెంచర్స్ వంటి వాద్యబృందాలు, సర్ఫ్ సంగీతకారులు దీనిని స్వీకరించారు. 1965లో ఫెండర్ సంస్థ సి.బి.యస్. యాజమాన్యం కిందకు వెళ్ళింది. 1970లలో గిరాకీ తగ్గి పాత జాజ్‌మాస్టర్లు చవకగా దొరకసాగాయి. టామ్ వెర్లేన్, ఎల్విస్ కాస్టెల్లో, ఆ తరువాత సోనిక్ యూత్ బృందం, జె. మాస్కిస్ వంటివారు వీటిని వాయించడంతో మళ్ళీ ఆసక్తి పెరిగింది. కాస్టెల్లో 1977 నాటి తన తొలి ఆల్బమ్ ముఖచిత్రంపై ఈ గిటారుతోనే కనిపిస్తాడు.

బ్రిడ్జి

జాజ్‌మాస్టర్ బ్రిడ్జి (వీణలోని గుర్రం వంటి భాగం) దేహానికి గట్టిగా బిగించి ఉండదు. దాని రెండు కాళ్ళలోని మొనదేలిన మరలు దేహంలో దిగవేసిన లోహపు గిన్నెలలో నిలబడతాయి. ట్రెమోలో కడ్డీని కదిపినప్పుడు తీగలు బ్రిడ్జి మీద జారకుండా, బ్రిడ్జియే వాటితోపాటు ముందుకు వెనుకకు ఊగుతుంది. కడ్డీని వదలగానే తీగలు తిరిగి శ్రుతిలోకి రావాలన్నది దీని ఆశయం. కనుక ఊగే బ్రిడ్జి వదులైన బ్రిడ్జి కాదు.

అసలు చిక్కు తీగల ఒత్తిడిలో ఉంది. తీగలు ముడివేసే ట్రెమోలో పలక బ్రిడ్జికి చాలా దూరంగా ఉన్నందున, బ్రిడ్జి మీద తీగలు వంగే కోణం స్వల్పం. అందుచేత వాటిని కిందికి నొక్కి ఉంచే బలం తక్కువ. 1958లో 0.012 అంగుళాల లేదా అంతకంటే లావైన పై తీగ గల జతలు వాడుకలో ఉండేవి. నేడు సాధారణంగా వాడేది 0.010 అంగుళాల పై తీగ గల జత. ఒకే పొడవు, ఒకే స్వరం ఉన్నప్పుడు తీగ బిగువు దాని వ్యాసపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. జాజ్‌మాస్టర్ తీగ పొడవైన 25.5 అంగుళాల (648 మి.మీ.) వద్ద 0.010 తీగ బిగువు సుమారు 7.3 కిలోలు, 0.012 తీగ బిగువు సుమారు 10.6 కిలోలు. అంటే కోణం మారకుండానే బ్రిడ్జిపై పడే బలం సుమారు 44 శాతం పెరుగుతుంది. సన్నని తీగలు వేసినప్పుడు ఆ బలం చాలక తీగలు గాడి తప్పడం, బ్రిడ్జి గలగలలాడడం, చిన్న మరలు అదురుకు క్రమంగా దిగిపోవడం జరుగుతాయి.

దీనికి వాడుకలో ఉన్న పరిష్కారాలు:

• లావు తీగలు వేయడం. ఇది మొదట ప్రయత్నించదగినది. వాద్యంలో ఏ మార్పూ అవసరం లేదు. అయితే పై మరుగు (నట్) గాళ్ళను వెడల్పు చేయవలసి రావచ్చు.
• మెడ మడమ కింద అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు మందం గల పలుచని చెక్కను ఉంచడం. దీనివల్ల మెడ కొంచెం వెనుకకు వాలుతుంది; బ్రిడ్జిని పైకి లేపవచ్చు; తీగల కోణం పెరుగుతుంది.
• చిన్న మరలకు గోళ్ళరంగు చుక్క వేసి కదలకుండా చేయడం.
• ఫెండర్ మస్టాంగ్ బ్రిడ్జిని అమర్చడం. దీనిలో ఒక్కొక్క తీగకు ఒకే లోతైన గాడి ఉండడంవల్ల తీగ పక్కకు తప్పదు.
• బ్రిడ్జి వెనుక తీగలను కిందికి నొక్కే అదనపు కడ్డీ బిగించడం. ఇది సులభమే గాని రాపిడి పెరిగి ట్రెమోలో సున్నితత్వం తగ్గుతుంది.

ట్రెమోలో

తీగలు ముడివేసిన పలక ఒక పదునైన అంచు మీద ఆనుకొని ఉంటుంది. ఒకవైపు తీగల బిగువు, మరొకవైపు పలక కిందనున్న ఒకే ఒక స్ప్రింగు దానిని సమతూకంలో ఉంచుతాయి. పలక మధ్యనున్న మరతో స్ప్రింగు బలాన్ని సవరించవచ్చు. పక్కనే జారుడు మీట వంటి తాళం ఉంటుంది. తాళం వేసి ఉంచితే వాయిస్తుండగా ఒక తీగ తెగినా పలక వెనుకకు పోదు. తక్కిన తీగలు శ్రుతి తప్పవు. తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు తాళం పలకను తాకీ తాకనట్లు జారేలా మధ్య మరను సవరించడం సరియైన పద్ధతి. ఈ సవరణ చేయక తాళం పనిచేయడం లేదని భావించేవారు ఎక్కువ.

ఐర్లాండ్‌కు చెందిన మై బ్లడీ వాలెంటైన్ బృందపు కెవిన్ షీల్డ్స్ ట్రెమోలో కడ్డీని చేత పట్టుకొనే తీగలను మీటుతూ, స్వరం నిరంతరం ఊగే శైలిని ప్రసిద్ధం చేశాడు. ఈ బృందపు "లవ్‌లెస్" ఆల్బమ్ 1991లో వెలువడింది.

బ్రిడ్జికి, పలకకు మధ్యనున్న తీగల పొడవు కూడా మోగుతుంది. సితారులోని తరఫ్ తీగల వలె ఇవి ప్రధాన స్వరానికి స్పందించి సన్నని గంటనాదాన్ని ఇస్తాయి. కొందరికి ఇది అనవసరపు రొద. సోనిక్ యూత్ వంటివారు దీనినే ఉద్దేశపూర్వకంగా మీటి వాడుకున్నారు.

పికప్‌లు, విద్యుత్ వలయాలు

పికప్‌ల తీగచుట్టలు వెడల్పుగా, పలుచగా ఉంటాయి. చూపుకు గిబ్సన్ సంస్థ పి-90 పికప్‌లను పోలినా ఇవి వేరు: పి-90లో దండాయస్కాంతాలు చుట్ట అడుగున ఉండగా, ఇందులో ఒక్కొక్క తీగ కింద అయస్కాంతపు కడ్డీయే నిలిచి ఉంటుంది. రెండు పికప్‌లూ కలిపి వాడినప్పుడు విద్యుత్ రొద చాలావరకు రద్దవుతుంది.

గిటారులో రెండు వేర్వేరు వలయాలు ఉన్నాయి. పైభాగంలోని జారుడు స్విచ్చు రిథమ్ వలయాన్ని ఎంచుకుంటుంది. అప్పుడు మెడవైపు పికప్ మాత్రమే పనిచేస్తుంది. దాని ధ్వని, స్వరగుణాలను పక్కనున్న రెండు చిన్న చక్రాలు సవరిస్తాయి. వాయిస్తుండగా చేయి తగిలి ఈ స్విచ్చు మారిపోవడం సాధారణం. ఆ చక్రం సున్నాలో ఉంటే గిటారు మూగబోతుంది. "చెడిపోయింది" అని మరమ్మతుకు తెచ్చిన గిటారులో మొదట చూడవలసినది ఈ స్విచ్చునే.

రీఇష్యూ నమూనాలు

1980ల మధ్యకాలంలో ఫెండర్ జపాన్ శాఖ జాజ్‌మాస్టర్‌ను మళ్ళీ తయారుచేసింది. 1999లో 1962 నాటి నమూనాపై అమెరికాలో తయారైన రీఇష్యూ వెలువడింది. ఇవి ఊగే బ్రిడ్జిని, 7.25 అంగుళాల వ్యాసార్ధంతో వంపు తిరిగిన మెట్లపలకను యథాతథంగా నిలుపుకున్నాయి. 2022లో 1966 నాటి నమూనాపై మరొక అమెరికన్ రీఇష్యూ వచ్చింది.

రెండవ తరగతి నమూనాలు పాత రూపాన్ని ఉంచి అమరికను సవరించినవి. 2008లో వచ్చిన క్లాసిక్ ప్లేయర్ నమూనాలో ట్రెమోలో పలకను బ్రిడ్జికి దగ్గరగా జరిపి, మెడ కోణం పెంచి, స్థిరమైన బ్రిడ్జి అమర్చారు. 2009 నాటి సోనిక్ యూత్ కళాకారుల నమూనాలలో రిథమ్ వలయాన్ని తొలగించారు. 2011లో స్క్వయర్ పేరిట వచ్చిన జె. మాస్కిస్ నమూనాలోనూ స్థిరమైన బ్రిడ్జియే ఉంది.

సన్నని తీగలతో గట్టిగా వాయించేవారికి సవరించిన నమూనాలు అనుకూలం. అయితే పలక దగ్గరకు జరిగినకొద్దీ బ్రిడ్జి వెనుక తీగ పొడవు తగ్గి, ఆ గంటనాదమూ తగ్గుతుంది. చిక్కును తొలగించిన మార్పే వాద్యపు ప్రత్యేక ధ్వనిలో కొంత భాగాన్నీ తొలగిస్తుంది.

పరిశీలించవలసిన అంశాలు

రీఇష్యూను కొనేముందు తగిన తీగలు వేసి, మెడ కోణం సవరించిన తరువాతనే వాయించి చూడడం న్యాయం. అప్పటికీ తీగలు గాడి తప్పితే బ్రిడ్జి మార్చవచ్చు. మెడ మెలి తిరగడం, మెట్లు ఎగుడుదిగుడుగా ఉండడం, పలక ఆనే అంచు అరిగిపోవడం, బ్రిడ్జి గిన్నెలు దేహంలో వదులుగా ఉండడం మాత్రం నిజమైన దోషాలు. లావు తీగలతో ఇవి తీరవు.