ప్రేక్షకులలో ఒక అసురుడు

నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోని కథ మీలో చాలమందికి తెలిసే ఉంటుంది. ఇంద్రధ్వజోత్సవం నాడు భరతుడు తన నూరుగురు కుమారులతో తొలి ప్రయోగం చేయించాడు. దేవతలు దానవులను జయించడమే అందులోని ఇతివృత్తం. దేవతలు మురిసిపోయి కానుకలిచ్చారు. దైత్యులు మండిపడ్డారు. విరూపాక్షుడు ముందు నడవగా విఘ్నులు వచ్చి నటుల మాటను, కదలికను, స్మృతిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండం అందుకొని వారిని చితకబాదాడు. చివరకు బ్రహ్మదేవుడే దైత్యులను పిలిచి, నాట్యం ఏ ఒక్కరి పక్షమూ వహించదనీ, ముల్లోకాల భావాలకు అది అనుకీర్తనమనీ అనునయించాడు.

దీనిని రంగపూజకు మూలకథగా పండితులు చెబుతారు. నాకు ఇందులో మరొక ప్రశ్న కనిపిస్తుంది. జరిగిన కథను ప్రదర్శిస్తున్నప్పుడు, ఆ కథలోని మనుషులు ప్రేక్షకులలోనే కూర్చుని ఉంటే ఆ ప్రదర్శన ఏమవుతుంది? ఈ ప్రశ్నకు మన కాలంలో దొరికిన ఉదాహరణ దక్షిణ కొరియాలో ఉంది. బాంగ్ జూన్-హో తీసిన 'మెమొరీస్ ఆఫ్ మర్డర్' అనే చలనచిత్రం, దాని వెనుక ఉన్న హ్వాసంగ్ హత్యలు.

ముందుగా చరిత్ర. సియోల్ నగరానికి దక్షిణాన గ్యాంగీ రాష్ట్రంలో హ్వాసంగ్ అప్పట్లో వరిపొలాల నడుమ పల్లెలున్న ప్రాంతం. 1986 సెప్టెంబరు నుండి 1991 ఏప్రిల్ వరకు అక్కడ పదిమంది స్త్రీలు హత్యకు గురయ్యారు. వారిలో పదమూడేళ్ళ బాలిక ఉంది, డెబ్బై ఒక్క ఏళ్ళ వృద్ధురాలు ఉంది. ఆ దేశం అప్పుడు సైనిక పాలన నుండి బయటపడుతున్నది. 1987లో ప్రజాస్వామ్యం కోసం జనం వీధులకెక్కారు, 1988లో ఒలింపిక్స్ జరిగాయి. పోలీసులకు లాఠీ తిప్పడంలో ఉన్న నేర్పు వేలిముద్ర భద్రపరచడంలో లేదు. వేలమంది అనుమానితులను విచారించారు. హంతకుడిది బి వర్గం రక్తమని నమ్మి, ఆ వర్గం వారికోసం గాలించారు. నేరస్థుడు దొరకలేదు. చట్టం విధించిన పదిహేనేళ్ళ గడువు చివరి హత్యకు 2006లో తీరిపోయింది.

ఈ హత్యల మీద కిమ్ క్వాంగ్-రిమ్ 1996లో ఒక నాటకం వ్రాశాడు. దాని పేరుకు 'నన్ను చూడటానికి రండి' అని అర్థం. ఆ నాటకాన్ని ఆధారం చేసుకొని బాంగ్ 2003లో సినిమా తీశాడు. కొరియా భాషలో దీని పేరులో జ్ఞాపకానికి వాడిన 'చుయొక్' అనే మాటను మామూలుగా తీపి గురుతులకు వాడతారట. చిన్ననాటి ముచ్చట్లకు వాడే మాటను హత్యల పక్కన చేర్చడంలోనే దర్శకుని చేదు ధ్వని ఉంది. దాదాపు యాభై లక్షల మంది చూశారు. ఆ ఏటి సాన్ సెబాస్టియన్ చిత్రోత్సవంలో బాంగ్‌కు ఉత్తమ దర్శకుని బహుమతి వచ్చింది.

కీర్తి వచ్చింది కదా అని చూసిన వారందరికీ ఒకే అనుభవం కలుగుతుందని కాదు. మా ఇంట్లోనే అది తెలిసింది. నాతో పాటు చూసిన నా పాత సహోద్యోగి ఒకాయన, పోలీసులు ఎగిరి తన్నే ఘట్టాలకు పడీపడీ నవ్వి, చివరకు దొంగ దొరకలేదని తెలిసి, "ఇదేమి కథండీ, ఉపసంహారమే లేదు" అని విసుక్కున్నారు. మా కోడలు మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. "చచ్చిపోయిన ఆడపిల్లలకు తల్లిదండ్రులు ఉంటారు కదా మామయ్యగారూ, వాళ్ళు ఎలా చూస్తారు దీన్ని?" అన్నది. ఆయన కోరినది నిర్వహణ సంధి. ఆమె అడిగినది ధర్మం. రెండూ న్యాయమైనవే.

మన ఆలంకారికులు ఈ చిక్కును గుర్తించారు. శోకం లోకంలో దుఃఖమే. కావ్యంలో అది కరుణరసమై ఆస్వాదయోగ్యమవుతుంది. ఎలాగ? సాధారణీకరణం చేత, అన్నారు భట్టనాయక, అభినవగుప్తులు. సీత దుఃఖం ఫలానా సీత దుఃఖంగా మిగలక అందరిదీ అవుతుంది. అయితే ఇక్కడ చనిపోయినవారి తల్లి పక్క ఊళ్ళోనే ఉన్నది. ఆమెకు అది ఎన్నటికీ 'ఫలానా' దుఃఖమే. మా కోడలు శాస్త్రం చదవకుండానే ఆ సంగతిని పట్టుకున్నది.

దర్శకునికి కూడ ఈ సంగతి తెలుసుననడానికి చివరి దృశ్యం సాక్ష్యం. ఏళ్ళు గడిచి, పోలీసు ఉద్యోగం వదిలి వ్యాపారం చేసుకుంటున్న కథానాయకుడు, మొదటి శవం దొరికిన పొలం కాలువ దగ్గర ఆగి లోపలికి తొంగి చూస్తాడు. ఒక చిన్నపిల్ల, ఇంతకుముందు ఇంకొకాయన కూడ ఇలాగే వచ్చి చూశాడని చెబుతుంది. ముఖం ఎలా ఉందంటే మామూలుగా ఉందంటుంది. అప్పుడు సాంగ్ కాంగ్-హో తల తిప్పి తిన్నగా మనవైపు చూస్తాడు. హంతకుడు ఏదో ఒక నాడు ఈ సినిమా చూస్తాడని, వాని కళ్ళలోకి చూడాలని దర్శకుడు ఆ చూపు పెట్టాడు. ప్రేక్షకులలో అసురుడు ఉన్నాడని తెలిసి ఆడిన నాటకమది.

ఉన్నాడు కూడ. 2019లో, భద్రపరచిన పాత వస్తువుల మీది డీఎన్ఏను కొత్త పద్ధతులలో పరీక్షించగా లీ చూన్-జే అనేవాడు బయటపడ్డాడు. తన భార్య చెల్లెలిని 1994లో చంపిన నేరానికి వాడు అప్పటికే యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. పద్నాలుగు హత్యలు ఒప్పుకున్నాడు. వాని రక్తం ఓ వర్గం! గడువు దాటిపోయినందున ఆ హత్యలకు శిక్ష లేదు. కొరియాలో హత్యానేరానికి గడువును తొలగించినది 2015లో. అది ఈ హత్యలకు వర్తించలేదు.

2020 నవంబరులో వాడు సువాన్ న్యాయస్థానంలో సాక్షిగా నిలబడ్డాడు. సినిమా చూశావా అంటే చూశానన్నాడు. సినిమాగానే చూశాననీ, ఏ భావమూ కలగలేదనీ చెప్పాడు. పదిహేడేళ్ళ క్రితం దర్శకుడు విసిరిన చూపు తగలవలసిన చోటే తగిలింది. అక్కడ ఏమీ లేదు. భరతుని దైత్యులు కనీసం కోపగించుకున్నారు. కోపం వచ్చినవానికి బ్రహ్మ నచ్చజెప్పగలిగాడు. వాసన లేనివాడు నాట్యశాలలో కట్టెతోనూ గోడతోనూ సమానమని మన ఆలంకారికులు చెప్పిన మాటకు ఇంతకంటె భయంకరమైన ఉదాహరణ నేను వినలేదు.

కాని ఆ రోజు వాడు న్యాయస్థానానికి వచ్చిన కారణమే ఈ చరిత్రలో అసలైన ఘట్టం. 1988లో జరిగిన ఎనిమిదవ హత్యను అప్పట్లోనే 'తేలిన కేసు'గా కట్టిపెట్టారు. యంత్రాల మరమ్మతు దుకాణంలో పనిచేసే ఇరవై రెండేళ్ళ యువకుడిని 1989లో పట్టుకున్నారు. పోలియో వల్ల అతడు కుంటుతూ నడిచేవాడు. నిద్ర పోనివ్వక, కొట్టి, నేరం ఒప్పించారు. యావజ్జీవం పడింది. ఇరవై ఏళ్ళు జైలులో ఉండి 2009లో విడుదలయ్యాడు. ఆ హత్య కూడ తానే చేశానని లీ చెప్పిన తరువాతనే పునర్విచారణ జరిగి, 2020 డిసెంబరులో అతడు నిర్దోషి అని తీర్పు వచ్చింది. న్యాయమూర్తి క్షమాపణ చెప్పారు.

సంవత్సరాలు లెక్క కట్టి చూడండి. 2003లో థియేటర్లు నిండి, తెర మీద అమాయకులను తన్ని నేరాలు ఒప్పించే పోలీసులను చూసి జనం నవ్వుతూ, ఉలిక్కిపడుతూ ఉన్నప్పుడు, ఆ మనిషి జైలులో పద్నాలుగవ సంవత్సరం గడుపుతున్నాడు. పాత రోజుల అన్యాయమని అందరూ అనుకున్నది ఆ క్షణాన జరుగుతూనే ఉన్నది. మన కళ్ళు తెర మీద హంతకుని ముఖం కోసం వెదికాయి. వెదకవలసిన రెండవ ముఖం ఒకటున్నదని ఎవరికీ తోచలేదు.

అందుచేత, ఇటువంటి సినిమాలు తీయవచ్చునా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. హంతకుని లోతులు చూపిస్తామని తీసేవి నాకు అక్కరలేదు. ఆ లోతులలో ఏమున్నదో వాడే న్యాయస్థానంలో చెప్పాడు. పట్టుకోలేనివారి అహంకారాన్ని, దెబ్బలు తిన్నవారి దైన్యాన్ని చూపించేవి తీయాలి. ఈ చిత్రం ఆ పని చేసింది. దర్శకుడు తనకు తెలిసినదానికంటె ఎక్కువ నిజమే చెప్పాడు. అయినా మా కోడలు లేచి వెళ్ళిపోవడాన్ని నేను తప్పుపట్టను. కొరియా పోలీసులు కూడ 2019 చివరలో, స్థానికుల కోరిక మీద, కేసు పేరులోనుండి హ్వాసంగ్ అనే ఊరి పేరును తీసివేసి హంతకుని పేరు పెట్టారు. ముప్పై ఏళ్ళు వాని పాపాన్ని ఒక ఊరు మోసింది. ఆ ఊరివారు ఈ సినిమాను చూడకపోయినా వారికి ఆ హక్కు ఉన్నది.

చూసిన మిత్రులు తమ అభిప్రాయం వ్రాయగలరు. ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వు ఆగిపోయిందో అది కూడ చెబితే సంతోషిస్తాను.